దగ్గరి అర్థం

అన్నయ్య ఇంట్లోంచి వెళ్ళి ఈ బుధవారానికి ఆరు రోజులు. పోయిన వారం దాకా నాతో నడిచినవాళ్ళకు ఇదంతా తెలిసిందే. కొత్తగా వచ్చినవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు విసుక్కోకండి.

గురువారం పొద్దున్న, లిఫ్టు మెకానిక్‌గా పనిచేసే మా అన్నయ్య పనిముట్ల సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు. వంతెన దిగే మలుపులో ఆ బస్సు బోల్తా పడింది. దెబ్బలు తగిలినవాళ్ళను ఏ బండి దొరికితే ఆ బండిలో వేసి అయిదు ఆస్పత్రులకు చేర్చారు. అన్నయ్య ఫోను సీటు కింద దొరికింది, అన్నయ్య దొరకలేదు. చనిపోయిన ముగ్గురిలో లేడు. గాయపడ్డవాళ్ళ జాబితాలో లేడు. పోనీ, పేరు తెలియకుండా పడి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే, ప్రతి ఆస్పత్రి కిటికీలోనూ ఒకటే జవాబు వచ్చింది. సున్నా.

ఆ సున్నా ఎక్కడినుంచో ఊడిపడలేదు, మా ఆఫీసు నుంచే వెళ్ళింది. ముప్పై నాలుగు ఆస్పత్రుల కంప్యూటర్లు ఒకదాని మాట ఒకదానికి అర్థం అయ్యేలా మధ్యలో మేము కట్టిన ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని అందరూ కూడలి అంటారు. "సున్నా అంటే సున్నాయే వదినా, ఆ పట్టిక కట్టింది నేనే" అని రెండో రోజు గొప్పగా చెప్పాను. ఆస్పత్రులన్నీ మళ్ళీ ఒక చుట్టు తిరిగొస్తానని చెప్పులేసుకున్న వదినను, ఆ మాట చెప్పే ఇంట్లో కూర్చోబెట్టాను.

నిన్న సాయంత్రం ఒక అంబులెన్సు డ్రైవరు నా సున్నాను పగలగొట్టాడు. అతను బండిలో ఎక్కించుకున్న ఒక మనిషికి నీలం రంగు పని బట్టలు, గోళ్ళలో గ్రీజు, తలకు ఎడమవైపు దెబ్బ. కళ్ళు తెరిచే ఉన్నాడట. పేరడిగితే పెదాలు కదిలాయి గానీ మాట రాలేదట. "బతికున్న మనిషినే దించానమ్మా" అన్నాడు. ఎక్కడ దించాడో మాత్రం గుర్తు లేదు. ఆ పూట అతను తొమ్మిది సార్లు తిరిగాడు, అయిదు ఆస్పత్రులకూ వెళ్ళాడు. అతని పుస్తకంలో టైములున్నాయి, చోట్లు లేవు. వదిన అప్పటికప్పుడు అయిదింటికీ పరిగెత్తింది. అయిదు చోట్లా కిటికీలో మనిషి స్క్రీను వంక చూసి సున్నా అన్నాడు. మంచం మంచం నేనే చూసుకుంటానంటే కాపలావాళ్ళు అడ్డం నిలబడ్డారు.

ఇదీ సంగతి. ఇక బుధవారం పొద్దున్నకు రండి.

పది గంటలకు వదిన మా ఆఫీసుకు వచ్చింది. ఆమె కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఆ షాపు కోటు వేసుకునే వచ్చింది, అంటే అక్కడికి వెళ్ళబోయి సగం దారిలో ఇటు తిరిగిందన్నమాట. కింద గేటు దగ్గర కుర్రాడు ఎందుకొచ్చారని అడిగి, కంప్యూటర్లో మీటింగా, డెలివరీయా, రిపేరా, ఇతరమా అని చదివాడట.

"మా ఆయన కోసం వచ్చానంటే, దానికి గడి లేదండీ, ఇతరం కొట్టేస్తున్నా అన్నాడు" అంది వదిన. నవ్వలేదు. ఆమె మెడలో వేలాడుతున్న కార్డు మీద 'ఇతరం' అనే ఉంది.

మా లిఫ్టులో తనిఖీ కాగితం మీద అన్నయ్య సంతకం ఉంది. పోయిన నెలది. మూడో అంతస్తుకు వచ్చేసరికి లిఫ్టు తలుపులు తెరుచుకుని మళ్ళీ మూసుకోబోయాయి. వదిన ఆ కాగితం ముందు నుంచి కదలలేదు. నేనే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

నా బల్ల పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి పట్టిక తెరిచాను. ఈ పట్టిక గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు. ఒక్కో ఆస్పత్రిది ఒక్కో భాష. ఒక చోట 'కాలు విరిగింది' అని ఒక్క గడి పెట్టి ఊరుకుంటారు. మరో చోట ఏ ఎముక, ఎన్ని ముక్కలు, చర్మం చీరిందా లేదా అని పదిహేను గళ్ళు పెడతారు. ఈ గళ్ళ అమరికకు మా లోకంలో ఒంటాలజీ అని నోరు తిరగని పేరు ఉంది. రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే రెండు దారులే ఉన్నాయి. అందరూ తమ గళ్ళు పారేసి ఒకే రకం గళ్ళు పెట్టుకోవాలి. లేదా ఎవరి గళ్ళు వాళ్ళు ఉంచుకుంటే, ఈ గడి ఆ గడికి సమానం అని మధ్యలో ఒకరు పట్టిక రాయాలి.

మూడేళ్ళ కిందట మా ఆఫీసు ఈ విషయం మీదే రెండుగా చీలింది. ఒకే రకం గళ్ళు కావాలన్నవాళ్ళకు పెద్ద, మాస్టారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. మాట్లాడితే పాఠం చెప్పినట్టు ఉంటుందని ఆ పేరు నిలిచిపోయింది. వెనకాల 'ఒకే మాట మాస్టారు' అని కూడా అంటాం. అంతకుముందే రెండేళ్ళు ఆస్పత్రుల చుట్టూ తిరిగి, రెండు వేల గళ్ళతో ఒక ప్రమాణం రాశారు. ముప్పై నాలుగు ఆస్పత్రుల్లో ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. అప్పుడు నేను లేచాను. ఎవరి మాట వాళ్ళదే ఉండనివ్వండి, కూడలిలో మాస్టారి గళ్ళు ఉంచి, అందరి గళ్ళనూ వాటికి నేను కలుపుతాను, ఎనిమిది నెలలు చాలు అన్నాను. చప్పట్లు కొట్టారు. మాస్టారికి మొదటి అంతస్తులో గది, సలహాదారు అనే బోర్డు దక్కాయి. నాకు ఈ కిటికీ పక్క బల్ల దక్కింది. అప్పటినుంచి మేమిద్దరం లిఫ్టులో నమస్కారాలతో సరిపెట్టుకుంటున్నాం.

నాలుగు వేల నూట పది వరుసల పట్టిక అది. ఎడమవైపు ఆస్పత్రి మాట, కుడివైపు కూడలి మాట. మాట పోయినవాళ్ళ గళ్ళ కోసం వెతుక్కుంటూ కిందికి దిగాను. రెండు వేల రెండు వందల పదిహేడో వరుస దగ్గర నా వేలు ఆగిపోయింది.

ఎడమవైపు: మాట పోయింది, పేరు తెలియదు, పోలీసు నంబరు లేదు.

కుడివైపు: పేరు బయటపెట్టవద్దని కోరారు.

ఒకసారి చదివి, నమ్మలేక మళ్ళీ చదివాను. 

"ఏంటి?" అంది వదిన.

స్క్రీను పక్కకు తిప్పబోయాను. కానీ ఆమెకు చదవడం వచ్చు. కుర్చీ ముందుకు లాక్కుని, వరుస మీద వేలు పెట్టి, కళ్ళ డాక్టరు దగ్గర అక్షరాలు చదివినట్టు ఒక్కో మాటా చదివింది.

"మాట పోయినవాడు, పేరు చెప్పొద్దని ఎలా కోరతాడు?"

"కోరడు వదినా."

"మరి?"

మరి సంగతి ఇది. మాస్టారి ప్రమాణంలో పేరు తెలియనివాళ్ళకు ఒక గడి ఉంది. కానీ ఆ గడికి పోలీసు నంబరు, అంటే పోలీసులు కేసు రాసి ఇచ్చే నంబరు, తప్పనిసరి. నంబరు లేని రికార్డును అది వెనక్కి కొట్టేస్తుంది. వెనక్కి వస్తే ఆస్పత్రులు గగ్గోలు పెడతాయి. కూడలి మొదలవడానికి అప్పటికి మూడు రోజులే ఉంది. వెనక్కి రాకుండా రికార్డును ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా అని చుట్టూ చూస్తే, పేరు లేకపోయినా ఊరుకునే గడి ఒక్కటే కనిపించింది. అది దాక్కున్నవాళ్ళ గడి. ఇంట్లో ప్రాణభయం ఉండి, తామెక్కడున్నామో ఎవరికీ చెప్పొద్దని వేడుకున్నవాళ్ళది. ఆ గడిలో పడిన రికార్డుకు తాళం పడుతుంది. ఏ కిటికీలోనూ కనిపించదు, పోలీసులకూ కనిపించదు. ఏ ఆస్పత్రిలో ఉన్నారో కూడా కూడలి దాచేస్తుంది. అలా దాచడానికే దాన్ని కట్టాం.

ఇదంతా వదినకు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె స్క్రీను మీద ఆఖరి గడి వంక చూస్తోంది. అక్కడ నా పొడి అక్షరాలు, తేదీ, దాని పక్కన నా వ్యాఖ్య ఉన్నాయి. 'దగ్గరి అర్థం. తర్వాత చూద్దాం.'

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే."

"తర్వాత చూశావా?"

తల అడ్డంగా ఊపాను.

వదిన అరవలేదు. అరిస్తే బాగుండేది. షాపు కోటు జేబులోంచి అద్దాలు తుడిచే గుడ్డ తీసి, తుడవడానికి ఏమీ లేకపోయినా చేతిలో నలుపుతూ కూర్చుంది. "మా దగ్గర కూడా స్టాకులో సరిగ్గా అదే నంబరు ఉండదు కొన్నిసార్లు" అంది. "దగ్గరి నంబరు ఇచ్చేద్దామంటాడు మా ఓనరు. ఇస్తే రెండో రోజే తలనొప్పని తిరిగొస్తారు, నాలుగు తిట్టి మార్పించుకుంటారు. నీ దగ్గరికి ఎవరొస్తారు తిరిగి? నువ్వు పెట్టిన చోట్లోంచి వాళ్ళు బయటికే రాలేరు కదా."

ఆ వ్యాఖ్య కనిపించకుండా స్క్రీను పైకి జరిపాను. 

"శుక్రవారం నేను వెళ్తానంటే ఆపావు" అంది మళ్ళీ, గుడ్డ వంకే చూస్తూ. "శుక్రవారం ఇంకా గొడవగోలగా ఉండేది అక్కడ. ఎవర్నీ పట్టించుకునేవాళ్ళు కాదు. ఎలాగోలా లోపలికి దూరేదాన్ని."

అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుందని పళ్ళు బిగబట్టి ఫోను తీశాను. అయిదు ఆస్పత్రుల్లో మొదటిదానికి కలిపాను. విచారణ బల్ల దగ్గర ఒకావిడ ఎత్తింది. గొంతు ఎంత మర్యాదగా ఉందంటే ఆశ పుట్టింది.

"గోప్యత కోరినవాళ్ళ గురించి ఉన్నారనీ చెప్పలేనండీ, లేరనీ చెప్పలేనండీ."

"ఆయన గోప్యత కోరలేదండీ. మాట పోయింది. అది మా వైపు పొరపాటు. ఒక్కసారి వార్డుకు కలపండి, నర్సుల్ని అడుగుతాను."

"ఏ వార్డండీ?"

"అదే నాకు తెలియదు."

"పేషెంటు పేరు చెప్తే వార్డు చూసి చెప్తానండీ."

"పేరు మీ దగ్గర ఉండదండీ. అందుకే ఈ తిప్పలన్నీ."

"మరి పేరు లేకుండా నేనెలా వెతకను చెప్పండి" అంది ఆవిడ, నిజంగానే బాధపడుతూ. ఆ తర్వాత ఒక కాగితం చూసి చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యానికి గుర్తుపట్టాను. తాళం పడిన రికార్డుల గురించి ఎవరైనా బతిమాలితే ఎలా మాట్లాడాలో ఆస్పత్రులకు మేము పంపిన సూచనలవి. మూడో పేరా నేను రాసిందే. బతిమాలేవాళ్ళు బంధువులమని చెప్పుకోవచ్చు, జాలిపడకండి అని రాశాను.

మిగతా నాలుగింటికీ చేశాను. నాలుగు గొంతులు అదే కాగితం చదివాయి. ఇందులో వాళ్ళ తప్పు వెంట్రుకవాసి కూడా లేదు. ఆ అయిదింటిలో ఏదో ఒకదానిలో ఒక నర్సు, మాట పోయిన మనిషి వచ్చాడని మొదటి రోజే తమ కంప్యూటర్లో సరిగ్గానే కొట్టి ఉంటుంది. కూడలి 'అందింది' అని జవాబిచ్చి ఉంటుంది. ఈయన కోసం ఇంట్లోవాళ్ళు ఒక్కరూ రాలేదేమిటా అని ఆ అమ్మాయి ఆరు రోజులుగా అనుకుంటూ ఉండాలి. 

"వాళ్ళందరి చేతా మళ్ళీ పంపించమను" అంది వదిన.

"ఉత్తరం రాయాలి. వాళ్ళ కమిటీలు కూర్చోవాలి. పదిహేను పనిదినాలు."

"నువ్వే తెరువు."

"నా ఒక్కదానివల్ల కాదు. రెండు కార్డులు కావాలి. రెండోది మాస్టారి దగ్గరుంది."

ఆమె అప్పటికే లేచి నిలబడింది.

మాస్టారి గదిలో కిటికీ లేదు. గోడ పొడుగునా ఆయన ప్రమాణం అచ్చు ప్రతులు, పదహారు సంపుటాలు ఉన్నాయి. మీద దుమ్ము లేదు, అంటే రోజూ తుడుస్తారు. జేబులో రెండు పెన్నులతో, అంచులు అరిగిన బల్ల వెనక కూర్చుని ఏదో దిద్దుకుంటున్నారు. నన్ను చూసి అలవాటుగా నమస్కారం పెట్టబోయి, వెనక వదిన మొహం చూసి చెయ్యి దించేశారు.

"మాస్టారూ, రెండు వేల రెండు వందల పదిహేడు" అన్నాను.

ఏ పట్టిక, ఏ వరుస అని ఆయన అడగలేదు. కంప్యూటరు వైపు తిరగనూ లేదు. పెన్ను మూత పెట్టి, "ఎవరు?" అన్నారు.

"మా అన్నయ్య. ఈమె మా వదిన."

దిద్దుతున్న కాగితాలు పక్కకు జరిపారు. తర్వాత వదినతో, "కూర్చోండమ్మా" అని కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు.

"మీకు ముందే తెలుసా?" అన్నాను. 

"రెండేళ్ళ కిందట చూశాను."

"చూసి?"

"నువ్వొచ్చి అడుగుతావనుకున్నాను." ఆయన నా మొహం వంక చూడలేక సంపుటాల వంక చూశారు. "నీ పట్టికలో ఇలాంటివి నలభై దాకా ఏరి పెట్టుకున్నానమ్మా. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి తేడా కొడుతుంది, అప్పుడు అందరూ మళ్ళీ నా దగ్గరికి వస్తారు, ఒకే రకం గళ్ళు పెట్టుకుందాం మాస్టారూ అంటారు అనుకున్నాను. ఏదో మందుల లెక్కో, బిల్లులో తప్పో అవుతుందనుకున్నాను. మనిషి అనుకోలేదు."

ఒంటికాలి మీద లేవాల్సినదాన్నే. రెండేళ్ళు తెలిసి ఊరుకున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు, తిట్టడానికి మాటలు నోటి దాకా వచ్చాయి. కానీ ఏ మొహం పెట్టుకుని తిట్టను. ఆయన ఊరుకున్నారు, నేను రాశాను.

"తప్పు నీ ఒక్కదానిదే కాదులే" అన్నారు ఆయనే. "పోలీసు నంబరు తప్పనిసరి చేసింది నేను. నంబరు లేకుండా అలాంటివాళ్ళను ఎవరూ చేర్చుకోరు అనుకున్నాను. ముప్పై నాలుగు ఆస్పత్రులూ నా మాట విని నా గళ్ళే పెట్టుకుని ఉన్నా, ఈయన ఇదే గడిలో పడేవాడు. ఇంకో పని కూడా చేశాను. నీకు గుర్తుందో లేదో."

గుర్తుంది. కూడలిలో మాస్టారి మాట పక్కనే ఆస్పత్రి రాసిన అసలు మాట కూడా దాచుదామని నేను అడిగాను. ఆయన ససేమిరా అన్నారు. పాత మాట పక్కనే ఉంటే జనం దాన్నే పట్టుకుని వేలాడతారు, కొత్తది ఎప్పటికీ నేర్చుకోరు అన్నారు. అప్పటికే నేను పెద్ద గొడవ గెలిచి ఉన్నాను. పోనీలే, ఈ చిన్నది ఆయనకు వదిలేద్దాం అనుకున్నాను. అలా ఎడమవైపు మాట కూడలిలో ఎక్కడా మిగలలేదు.

"అయిందేదో అయింది" అంది వదిన. ఆ గదిలోకి వచ్చాక ఆమె మాట్లాడటం అదే మొదలు. "మీరిద్దరూ తర్వాత తీరిగ్గా ఎవరిది ఎంత తప్పో తేల్చుకోండి. ముందు తెరవండి."

మాస్టారు తన కంప్యూటర్లో తాళం వేసిన గడి తెరిచారు. లోపలికి కాదు, బయట కనిపించే లెక్క వరకే. కూడలి మొదలైనప్పటినుంచి చేరి, ఇంకా నడుస్తున్న రికార్డులు మొత్తం ఆరు వందల పన్నెండు. అందులో గురువారం చేరినవి పదకొండు. ఒక్కోదానికి ఒక అంకె, చేరిన టైము, పక్కన 'చికిత్సలో' అన్న మాట. అంతకుమించి ఏమీ లేదు. డ్రైవరు పుస్తకంలోంచి రాసుకొచ్చిన టైముల కాగితం వదిన చేతిలో ఉంది. స్క్రీనుకు ఆనించి ఒక్కోటీ సరిచూసింది. మూడు కలిశాయి. తొమ్మిది ఇరవై నాలుగు, తొమ్మిది యాభై రెండు, పది అయిదు.

"ఈ మూడూ తెరిస్తే చాలు కదా."

"మూడే తెరవడం కుదరదమ్మా" అన్నారు మాస్టారు. "తాళం మనిషికి కాదు, గడికి. తెరిస్తే ఆరు వందల పన్నెండూ తెరుచుకుంటాయి."

"తెరిచి, చూసుకుని, వెంటనే మూసేయండి."

నేను చెప్పాల్సి వచ్చింది. "తెరుచుకున్న మరుక్షణం ఇంటి నంబరు ఉన్న ప్రతి రికార్డు నుంచీ ఆ నంబరుకు మెసేజ్ వెళ్ళిపోతుంది వదినా. మీ మనిషి ఫలానా ఆస్పత్రిలో, ఫలానా మంచం మీద ఉన్నారని. అది వేరే వాళ్ళ చేతుల్లో ఉంది. ఆపమని అడిగితే రెండు రోజులు పడుతుంది."

"వెళ్తే వెళ్ళనీ. ఇంట్లోవాళ్ళకే కదా."

మాస్టారు అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఈ తాళం లేనప్పుడు ఒకావిడ చేరింది. చెయ్యి విరిగి వచ్చింది. మొగుడు రెండో రోజు కిటికీ దగ్గరికెళ్ళి మర్యాదగా పేరు చెప్పాడు, మంచం నంబరు చెప్పించుకున్నాడు. పూలు కూడా తెచ్చాడట." ఆ తర్వాత ఏం జరిగిందో ఆయన చెప్పలేదు. "ఆ వారమే ఈ గడి రాశాను."

వదిన టైముల కాగితం మడిచింది. కాసేపు గోడ వంక చూసి, "ఈ ఆరు వందల మందిలో అలాంటివాళ్ళు ఎంతమంది?" అంది.

"తెలియదు వదినా. అందరూ ఒకే గడిలో కలిసిపోయారు."

"సగమా? పదిమందా?"

"తెలియదు."

"నీకేం తెలుససలు?"

ఆ ఒక్క మాటతో నా ఎనిమిది నెలల పనీ, చప్పట్లూ, కిటికీ పక్క బల్లా అన్నీ లెక్క తేలిపోయాయి. తలొంచుకుని నిలబడ్డాను.

మాస్టారు సొరుగు తీసి తన కార్డు బయటికి తీశారు. బల్ల మీద కార్డులు పెట్టే పెట్టెకు రెండు చీలికలున్నాయి. ఎడమదానిలో తన కార్డు నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. "నాదైపోయింది. పెట్టమని నీకు చెప్పను, వద్దనీ చెప్పను. రెండేళ్ళు ఊరుకున్నవాణ్ణి, ఇప్పుడు నీకు నీతులు చెప్పే మొహం నాకు లేదు."

నా మెడలో కార్డు తీసి చేత్తో పట్టుకున్నాను. పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఒక పక్క అన్నయ్య. పెదాలు కదుపుతూ, ఎవరో ఒకరు అర్థం చేసుకుంటారని చూస్తూ ఉంటాడు. పట్టుమని పది నిమిషాలు కుదురుగా కూర్చోలేని మనిషి, ఆరు రోజులుగా మంచానికి కట్టుబడి ఉన్నాడు. ఇంకో పక్క చెయ్యి విరిగి వచ్చిన ఎవరో ఆవిడ. ఆమె మొహం నాకు తెలియదు, కానీ ఆమె ఇంట్లో ఫోను మోగడం మాత్రం వినిపిస్తోంది. కార్డు పెట్టలేను. జేబులో వేసుకోలేను. వదిన నా చెయ్యి వంకే చూస్తోంది, బతిమాలడం లేదు. ఆమె బతిమాలకపోవడమే నన్ను ఎక్కువ చంపింది.

అప్పుడు స్క్రీను మీద ఏదో కదిలింది.

టైము కలిసిన మూడు వరుసల్లో మధ్యది. తొమ్మిది యాభై రెండు. దాని పక్కన 'చికిత్సలో' అన్న మాట పోయి, ఇంకో మాట వచ్చింది. 'ముగిసింది.'

మాస్టారు అద్దాలు తడుముకుని పెట్టుకున్నారు. నేను పట్టిక తెరిచి చూడనక్కరలేదు. ఆ మాటకు ఎడమవైపు ఏముందో నాకు కంఠతా వచ్చు. బాగై ఇంటికి పంపినవాళ్ళు. ఇంకో ఆస్పత్రికి మార్చినవాళ్ళు. చనిపోయినవాళ్ళు. మూడు వరుసలు, కుడివైపు మూడింటికీ అదే మాట. మూడింటి చివరా నా పొడి అక్షరాలే.

"అది ఎందుకు మారింది?" అంది వదిన. "ముగిసింది అంటే ఏంటి?"

మాస్టారు మౌస్ మీంచి చెయ్యి తీసేశారు.

"అంటే పంపించేశారా? ఇంటికొస్తాడా? ఇంటి తాళం కూడా నా దగ్గరే ఉంది, అక్కడ ఎవరూ లేరు." ఆమె ఒకటికి రెండుసార్లు నా మొహం వంకా, స్క్రీను వంకా చూసింది.  "చెప్పు. ఈ మాట నువ్వు రాసిందే కదా. ఏంటో చెప్పు."

"నాకు తెలియదు వదినా" అన్నాను.

 ఆమె నా చేతిలోంచి కార్డు లాక్కుంది. గుంజుకోవాల్సిన పని లేకపోయింది, నేను గట్టిగా పట్టుకోలేదు. పెట్టె కుడి చీలికలో పెట్టి బొటనవేలితో లోపలికి నొక్కింది. ఆరు వందల పన్నెండు రికార్డులు తెరవమంటారా అని స్క్రీను అడిగింది. అవును, కాదు.

వదిన వేలు 'అవును' మీదికి వెళ్ళింది. మాస్టారు నా వంక చూశారు, నేను ఆయన వంక చూశాను. ఆపాలనుకుంటే ఆపడానికి ఇద్దరం ఉన్నాం. ఇద్దరికీ చెయ్యి లేవలేదు.